కందనవోలు చరిత్ర, 11వ భాగం: హంద్రి ఆవలి ఒడ్డున కల్లూరు

ఈ ధారావాహికలోని గత భాగం 1839 అక్టోబరు 18న జొహరాపురం దగ్గర జరిగిన పోరుతోనూ, కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ కుంఫిణీ సేనకు చిక్కి తిరుచిరాపల్లికి తరలిపోయిన ఘట్టంతోనూ ముగిసింది. కోటలో దాచిపెట్టిన ఫిరంగులు, వాటి జాడ వెదుకుతూ వచ్చిన విచారణాధికారులు, మరుసటి ఏడాదే చెరలో కత్తిపోటుకు బలైన నవాబు, ఇవన్నీ అక్కడ వివరంగా వచ్చాయి. అక్కడి వరకు సాగిన చరిత్ర అంతా కోట గోడల నడుమ నడిచిన చరిత్ర. ఆ గోడలు కూలిన తరువాత ఊరు ఎటు పాకింది, ఎందుకు అటే పాకింది, అలా పాకిన మేర నిజంగా ఊరిలో భాగమైందా అన్న ప్రశ్నలు ఈ భాగానికి విషయాలు. వాటికి జవాబు చాలావరకు ఒక్క పేరులో దొరుకుతుంది. అది కల్లూరు.

పాత కర్నూలు రెండు నదుల మధ్య చిక్కుకున్న ఊరు. ఉత్తరాన తుంగభద్ర పారుతుంది. మద్దికెర ప్రాంతంలో పుట్టి కోడుమూరు మీదుగా వచ్చే హంద్రి ఊరి పక్కగా సాగి తుంగభద్రలో కలుస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్న రాతినేల మీద విజయనగర కాలంలో అచ్యుతదేవరాయలు కోట కట్టించాడని చెబుతారు. నేడు కొండారెడ్డి బురుజు పేరుతో నగరానికి గుర్తుగా మిగిలింది ఆ కోట భాగమే. బీజాపూరు సుల్తానుల తరఫున పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, అంటే జనం గోల్‌గుమ్మజ్ అని పిలిచే పదిహేడో శతాబ్దపు గుమ్మటం, హంద్రి ఒడ్డునే లేచింది. రెండు వైపులా నీళ్లు ఉండటం కోటకు కాపలా, ఊరికి మాత్రం సంకెల. శత్రువు రావడానికి ఎంత కష్టమో, ఊరు పెరగడానికీ అంతే కష్టం. పేటలు, బజార్లు, మసీదులు, గుళ్లు, కొలువుదారుల ఇళ్లు అన్నీ ఆ ఇరుకులోనే ఒకదానిపై ఒకటి ఒరిగినట్లు కట్టుకోవలసి వచ్చింది.

హంద్రికి ఆవల ఉన్న కల్లూరు ఆ రోజుల్లో పట్టణం కాదు, పట్టణానికి తిండి పెట్టే పల్లెల్లో ఒకటి. కోటలోని జనానికి కావలసిన జొన్నలు, కొర్రలు, పాలు, కూరగాయలు, గుర్రాలకూ ఎద్దులకూ మేత, వంటచెరకు ఇలాంటి పల్లెల నుంచే ఏరు దాటి రావాలి. హంద్రి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక పాయగా ఉండే ఏరు కాబట్టి బండ్లు నేరుగా ఇసుకలో దిగి దాటేవి. వానాకాలంలో పైన వాన పడి ఏరు ఒక్కసారిగా వచ్చినప్పుడు రాకపోకలు తెగిపోయేవి. వేసవిలో ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీటిని ముంతతో తోడి బిందెలు నింపుకోవడం సీమలోని ఏటి ఒడ్డు ఊళ్లన్నింటిలోలాగే ఇక్కడా ఆడవాళ్ల దినచర్య. కాబట్టి ఈ ఏరు అడ్డుగోడగా నిలిచింది కొన్ని రోజులే, తక్కిన కాలమంతా దారిగానే ఉంది. కల్లూరు తరువాతి కథను అర్థం చేసుకోవడానికి ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం. ప్రజలు ఏరు దాటడం ఎన్నడూ మానలేదు. దాటనిది ప్రభుత్వ కాగితాల్లోని గీత మాత్రమే.

అక్కడి ఇళ్ల తీరు కూడా ఆ నేలకు తగ్గదే. రాతి గోడల మీద దూలాలు వేసి, వాటిపై బండలు పరచి, ఆ పైన చౌడు మట్టి కప్పిన ఇళ్లను సీమలో మిద్దెలంటారు. చౌడు మట్టి తడిస్తే బిగుసుకొని నీటిని కిందికి దిగనివ్వదు. అందువల్ల ఏటా వానలకు ముందు మిద్దె మీదికి కొత్త మట్టి ఎక్కించడం ఇంటింటా తప్పనిసరి పని. బేతంచెర్ల వైపు దొరికే నాపరాళ్లు, కడప బండలు చవకగా చేతికి అందే ప్రాంతం కావడంతో పేదవాడి ఇంటికి కూడా రాతి గడప ఉండేది. వేసవి రాత్రుల్లో మిద్దెల మీద పడకలు, పంటకాలంలో వాటి మీదనే జొన్న కంకుల ఆరబోత సీమ పల్లెల్లో మామూలు దృశ్యాలు. నేటి కల్లూరులో కాంక్రీటు మేడల మధ్య అక్కడక్కడా మిగిలిన మిద్దెలను చూస్తే, నగరం ఒక ఖాళీ మైదానం మీద కాక బతికి ఉన్న పల్లె మీదుగా పరుచుకుందని తెలుస్తుంది.

ఆ పల్లెతనానికి సజీవమైన రుజువు కల్లూరు చౌడేశ్వరీ దేవి ఆలయం. తొగట నేత కులస్థుల కులదేవతగా సీమ అంతటా పూజలందుకునే చౌడమ్మకు ఇక్కడ ఉగాది నాడు జరిగే వేడుక విలక్షణమైనది. గుడి చుట్టూ ఉన్న నేలను తడిపి బురద చేస్తారు. అలంకరించిన ఎద్దుల బండ్లను, గాడిదలను ఆ బురదలో గుడి చుట్టూ తిప్పుతారు. వానకోసం ఎదురుచూసే నేలలో కొత్త సంవత్సరాన్ని బురదతో ఆహ్వానించడం కన్నా సహజమైనది ఏముంటుంది? చదువరులు కొందరు ఇలాంటి వేడుకలను వింతగా చూస్తారు గాని, నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చిన తరువాత కూడా ఎద్దుల బండి తన హక్కును వదులుకోని చోటు ఆంధ్ర నగరాల్లో అరుదని గమనించరు.

నవాబు పోయిన తరువాత కర్నూలు కొంతకాలం కమిషనర్ పాలనలో ఉండి, 1858లో జిల్లాగా ఏర్పడింది. అప్పటికి కడప, బళ్లారి జిల్లాల్లో ఉన్న కొన్ని తాలూకాలను చేర్చి కొత్త జిల్లాను కూర్చారు. 1860లలో కోట గోడలను చాలావరకు పడగొట్టారు. 1866లో పురపాలక సంఘం, అంటే పట్టణంలోని వీధులు, మురుగు, దీపాలు, పన్నులు చూసే సభ, ఏర్పడింది. గోడలు పోయినా పట్టణం వెంటనే విస్తరించలేదు. 1901లో కూడా కర్నూలు జనాభా పాతికవేల చిల్లరే. నూలు గుడ్డలు, తివాచీలు నేసే పట్టణంగా, సగం ఉర్దూ సగం తెలుగు వినిపించే బజారుగా అది నిలకడగా ఉండిపోయింది. కల్లూరు కర్నూలు తాలూకాలో ఒక గ్రామంగానే కొనసాగింది.

ఈ నిలకడ కాలంలోనే హంద్రి మీదుగా ఒక పెద్ద నిర్మాణం లేచింది. అది మనుషుల కోసం కట్టిన వంతెన కాదు, నీటి కోసం కట్టిన వంతెన. ఆర్థర్ కాటన్ ఆలోచనల నుంచి పుట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1858లో ఇంగ్లండులో ఏర్పడింది. తుంగభద్ర నీటిని కాలువల ద్వారా తూర్పు తీరం దాకా నడిపి, సేద్యానికీ పడవల రవాణాకూ వాడి లాభాలు తీయాలన్నది దాని పథకం. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద వాటాదారులకు ఏటా నూటికి ఐదు చొప్పున వడ్డీ తప్పకుండా దక్కుతుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం వస్తే కంపెనీది, రాకపోతే ఖజానాది అన్న ఈ ఏర్పాటులోని లోపం తరువాత బయటపడింది. తీరం దాకా సాగవలసిన మహాపథకంలో చివరకు పూర్తయింది కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర ఆనకట్ట, అక్కడి నుంచి కడప వరకు 306 కిలోమీటర్ల కాలువ మాత్రమే. 1863లో మొదలైన తవ్వకం 1870 ప్రాంతానికి ముగిసింది. అదే కర్నూలు-కడప కాలువ, వాడుకలో కేసీ కాలువ.

సుంకేసుల నుంచి తూర్పుకు సాగే కాలువ కర్నూలు దగ్గర హంద్రిని దాటక తప్పదు. ఏటి నీటితో కాలువ నీరు కలవకుండా, ఏటిపై కమానులు కట్టి వాటి మీదుగా కాలువను నడిపించారు. ఇలాంటి కట్టడాన్ని ఇంజనీర్లు అక్విడక్ట్ అంటారు. ఈవలి ఒడ్డును, ఆవలి ఒడ్డును రాయితో కలిపిన తొలి పెద్ద కట్టడాల్లో ఇది ఒకటి కావడం, అది కూడా కల్లూరు అవసరం చూసి కాక లండను వాటాదారుల లాభం చూసి కట్టింది కావడం ఈ కథలోని విడ్డూరం.

కాలువ వచ్చినా కంపెనీ లెక్క తప్పింది. కర్నూలు నుంచి నంద్యాల వైపు పరుచుకున్న నల్లరేగడి నేల ఒకసారి తడిస్తే తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. జొన్న, పత్తి ఆ తేమతోనే పండుతాయి. అలాంటి నేల ఉన్న రైతు నీటి తీరువా కట్టి, పొలం చదును చేసుకొని, మడికట్లు వేసుకొని వరికి దిగడానికి ఇష్టపడలేదు. దీన్ని కంపెనీ అధికారులు రైతుల మూర్ఖత్వంగా రాసుకున్నారు గాని, నిజానికి అది సీమ రైతు లెక్క. వానలున్న ఏడు నీళ్లు కొనడం దండగ, వానలు లేని ఏడు నీళ్లు కొనడానికి చేతిలో డబ్బు ఉండదు. 1876లో మొదలైన ధాత కరువులో ఆ లెక్క కూడా తలకిందులైంది. 1871లో తొమ్మిది లక్షలు దాటిన జిల్లా జనాభా 1881 లెక్కల నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయింది. ప్రభుత్వం 1882లో కంపెనీ నుంచి కాలువను కొనేసింది. పడవల రాకపోకలు ఇరవయ్యో శతాబ్దంలో కొంతకాలం నడిచి ఆగిపోయాయి. నష్టాల పద్దుగా పేరుపడిన ఆ కాలువే తరువాత కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో లక్షల ఎకరాలకు ఆధారమైంది. కర్నూలు పట్టణం మధ్యగా పారుతూ ఊరి పటాన్ని శాశ్వతంగా మార్చింది. హంద్రి ఒక గీత, కాలువ రెండో గీత. కల్లూరు వైపు వీధులు ఈ రెంటినీ చూసుకొనే పెరగవలసి వచ్చింది.

పట్టణాన్ని నిజంగా గోడల జ్ఞాపకం నుంచి బయటికి లాగింది 1953. దానికి కారణమైన తగవు ఇరవయ్యో శతాబ్దపు ఆంధ్ర రాజకీయాల్లో అతి పదునైనది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, సీమ నాయకులు ఒక ఒడంబడికకు వచ్చారు. కడప కోటిరెడ్డి వంటి సీమ నాయకులు సంతకాలు చేసిన ఆ ఒప్పందం ప్రకారం, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట ఉండకూడదు. వాటిలో ఏది కావాలో ముందు కోరుకొనే హక్కు సీమది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తరువాత రాష్ట్రం ఖాయమయ్యే సరికి ఆ ఒప్పందం కాగితం నుంచి లేచి నిలబడింది. మద్రాసు నగరంపై ఆశ తీరకముందే రాజధాని ఎక్కడ అన్న ప్రశ్న వచ్చిపడింది. కమ్యూనిస్టులు విజయవాడ అన్నారు, ఎన్.జి. రంగా పక్షం తిరుపతి అంది. సీమ సభ్యులు శ్రీబాగ్ మాట నిలబెట్టమన్నారు. టంగుటూరి ప్రకాశం వారి మాటకు ఒప్పుకోవడంతో కర్నూలు నెగ్గింది. హైకోర్టు గుంటూరుకు పోయింది. 1953 అక్టోబరు 1న నెహ్రూ కర్నూలులో కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు.

అరవై వేల జనాభాకు అటూఇటూగా ఉన్న ఒక ఊరు, మంచినీటికి, మురుగుకు, ఇంటి వసతికి ఇబ్బంది పడుతున్న ఊరు, కొద్ది నెలల్లో ఒక ప్రభుత్వాన్నే ఇంట్లో పెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలకు, అధికారులకు అద్దె ఇళ్లు దొరకలేదు. ఎండకు పేరుపడిన సీమలో గుడారాల కింద ఫైళ్లు తెరుచుకున్నాయి. ఉద్యోగుల నివాసానికి వేసిన ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు పేర్లు గుడారాలు పోయిన తరువాత కూడా పోలేదు. డెబ్బై ఏళ్లు గడిచినా బస్సు కండక్టరు నుంచి రైతుబజారులో కూరలమ్మే మనిషి దాకా అందరూ ఆ అక్షరాలతోనే వీధులు చెబుతారు. ఊరికి పేరు పెట్టడానికి ప్రభుత్వానికి తీరిక లేకపోతే అక్షరమే పేరవుతుందన్న మాట.

ఆ రాజధానికి బతుకు తక్కువ. ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం విషయంలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది నవంబరులో శాసనసభ విశాలాంధ్రను సమర్థిస్తూ తీర్మానం చేసింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో కర్నూలు మూడేళ్ల నెల రోజుల వైభవం ముగిసింది. సచివాలయం వెళ్లిపోయింది గాని రాజధాని వదిలి వెళ్లిన అలవాటు మిగిలింది. ఊరంటే కోట చుట్టూ పేటలు అన్న భావన పోయి, ఊరంటే ఖాళీ నేలను కొలిచి వీధులు వేసి ఇళ్లు కట్టే కాలనీ అన్న భావన వచ్చింది. వైద్య కళాశాల, అంతకు ముందే 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ స్థాపించిన ఉస్మానియా కళాశాల, ఆ తరువాత ఇంజనీరింగు కళాశాలలు ఊరికి రాజధాని స్థానంలో చదువుల ఊరన్న హోదా ఇచ్చాయి. రాజధాని పోయిందన్న బాధ సీమలో ఈనాటికీ రాజకీయ నినాదంగా బతికి ఉంది. ఆ మూడేళ్లు ఊరి రూపాన్ని ఎంత మార్చాయన్నది మాత్రం ఎవరూ అంతగా తలచుకోరు.

ఈ కాలంలోనే కల్లూరు ప్రాంతం రాష్ట్రానికి ఒక ముఖ్యమంత్రిని ఇచ్చింది. నేటి కల్లూరు మండలంలోని పెదపాడులో 1921 ఫిబ్రవరి 14న ఒక దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య కర్నూలు పురపాలక ఉన్నత పాఠశాలలో, అనంతపురం కళాశాలలో చదివి, న్యాయవాదిగా ఎదిగి, 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. భారతదేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు ఆయనే. తరువాత అఖిల భారత కాంగ్రెసు అధ్యక్ష పీఠం కూడా ఆయన్ను వరించింది. హంద్రిపై కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. కోట లోపలి కులీనుల ఊరు శతాబ్దాల పాటు చేయలేని పనిని ఏటి ఆవలి పల్లె ఒక తరంలో చేసిందంటే అతిశయోక్తి కాదు.

1960ల తరువాత కర్నూలుకు జనం రావడానికి కారణాలు అనేకం, అన్నీ సుఖమైనవి కావు. వరుస కరువులు పల్లె రైతును పట్టణం వైపు తోశాయి. కొన్ని పల్లెల్లో కక్షలు, అంటే కుటుంబాల మధ్య తరతరాలుగా సాగే హత్యల పగలు, పిల్లలను చదువు పేరుతో పట్టణానికి పంపించేలా చేశాయి. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణా, తుంగభద్రల ఒడ్డునున్న వంద దాకా ఊళ్లు మునిగిపోయి వేల కుటుంబాలు చెదిరిపోయాయి. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ప్రభుత్వ గుమాస్తాలు, హోల్‌సేల్ వ్యాపారులు, నూనె మిల్లుల యజమానులు, ఆటో నడిపేవారు, బేల్దారి పనివారు అందరికీ ఇంటి జాగా కావాలి. పాత పట్టణంలో జాగా లేదు. తుంగభద్ర ఆవల ఆనాటికి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు ఏకంగా వేరే రాష్ట్రం. మిగిలింది హంద్రి ఆవలి ఒడ్డే. నంద్యాల దారి, గుత్తి దారి అటే పోతాయి. పారిశ్రామిక వాడ అటే వచ్చింది. జాతీయ రహదారి రద్దీ కూడా ఆ వైపు జాగాల ధరలను లేపింది. అలా కల్లూరు పొలాలు ఒక్కొక్క సర్వే నంబరుగా ప్లాట్లయ్యాయి. కల్లూరు ఎస్టేటు వంటి కాలనీలతో ఆ వైపంతా నివాస ప్రాంతంగా మారింది. అక్కడ పెద్ద కచేరీలు, కోట, పెద్ద బజారు ఉండవు. ఉదయం ఆరింటికి పాల ప్యాకెట్ల మోటారు సైకిళ్లు, ఎనిమిదికి బడి బస్సులు, తొమ్మిదికి ఏరు దాటి పనులకు పోయే జనం, సాయంత్రం అంతే మంది తిరుగు ప్రయాణం. నగరం రాత్రి నిద్రపోయే చోటు అది.

ఇలాంటి చోట్లు ప్రపంచంలో వేరే కూడా ఉన్నాయి. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడు కూడా రెండు నదుల కూడలిలో కోట చుట్టూ పుట్టిన ఊరే. అక్కడ సావా నది డాన్యూబులో కలిసే చోట కాలెమెగ్డాన్ కోట ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత, 1948లో, సావా ఆవలి ఒడ్డున చిత్తడి నేలను పూడ్చి కొత్త రాజధానీ భవనాలు, ఇళ్ల సముదాయాలు కట్టడం మొదలుపెట్టారు. దాని పేరు నోవీ బెయోగ్రాద్, అంటే కొత్త బెల్‌గ్రేడు. కర్నూలు వీధులకు అక్షరాలు పేర్లయితే అక్కడి ఇళ్ల సముదాయాలకు అంకెలు పేర్లయ్యాయి. పోలిక ఇంతవరకే. బెల్‌గ్రేడు నగరం పదిహేడు పురపాలికల కూడిక. వాటిలో కొత్త బెల్‌గ్రేడుకు నగర సభ కాక తన సొంత సభ, సొంత అధ్యక్షుడు ఉన్నారు. ఏటి ఆవల నివసించే జనానికి తమదైన ఒక చిన్న ప్రభుత్వం ఉండాలని అక్కడ అనుకున్నారు. కల్లూరుకు దక్కింది అందుకు పూర్తిగా భిన్నమైన ఏర్పాటు.

1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను విడగొట్టి మండలాలు ఏర్పాటు చేసినప్పుడు కల్లూరు కేంద్రంగా ఒక మండలం ఏర్పడింది. 1994లో కర్నూలు పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. కాలక్రమంలో కల్లూరు, మునగాలపాడు, మామిదాలపాడు, స్టాంటన్‌పురం వంటి శివారు గ్రామాలు ఆ సంస్థలో కలిశాయి. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనాభా నాలుగు లక్షలు దాటింది. అయితే శాసనసభ నియోజకవర్గం విషయానికి వస్తే కల్లూరు కర్నూలులో లేదు. నియోజకవర్గాల పునర్విభజన, అంటే జనాభాను బట్టి ఓటు సరిహద్దులు తిరిగి గీసే ప్రక్రియ, కల్లూరును పాణ్యం శాసనసభ స్థానంలో, దాని ద్వారా నంద్యాల లోక్‌సభ స్థానంలో ఉంచింది. పాణ్యం కర్నూలుకు యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో, నంద్యాల దగ్గర ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు పాణ్యం, గడివేముల మండలాలు కొత్త జిల్లాలోకి పోయాయి. కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి.

ఫలితంగా కల్లూరు కాలనీలో ఇల్లున్న ఒక మామూలు కుటుంబం స్థితి ఇది. ఇంటి పన్ను కర్నూలు నగరపాలక సంస్థకు కట్టాలి, భూమి కాగితాలు కల్లూరు తహసీల్దారు దగ్గర చూసుకోవాలి. కార్పొరేటరును కర్నూలు సభకు పంపాలి, శాసనసభ్యుణ్ణి పాణ్యం పేరుతో ఎన్నుకోవాలి, పార్లమెంటు సభ్యుణ్ణి నంద్యాల పేరుతో ఎన్నుకోవాలి, కలెక్టరును మాత్రం కర్నూలులో కలవాలి. వీధిలో మురుగు కాలువ పొంగితే ఎవరిని అడగాలన్న ప్రశ్నకు ఇంతమంది జవాబుదారులున్నప్పుడు సాధారణంగా జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఇన్ని పీఠాలున్నా నగర సభ మాత్రం చాలాకాలం ఖాళీగా ఉంది. 2014లో రాష్ట్రంలోని పలు నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగినా కర్నూలుకు జరగలేదు. 2021 మార్చిలో 52 డివిజన్లకు ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. పొరుగున ఉన్న ఒడ్డును కలుపుకోవడంలో పన్నుల విషయంలో చూపిన చురుకు ప్రాతినిధ్యం విషయంలో చూపలేదన్నది తప్పించుకోలేని తీర్పు.

2009 అక్టోబరు 2న ప్రకృతి ఈ గీతలన్నింటినీ ఒక్క రోజులో చెరిపేసింది. ఎగువన కురిసిన వానలకు తుంగభద్ర ఎన్నడూ లేనంతగా పొంగింది. అదే సమయానికి హంద్రి కూడా నిండుగా వచ్చింది. పెద్ద నది నిండి ఉన్నప్పుడు చిన్న ఏరు దానిలో కలవడానికి దారి ఉండదు. ఆ నీరు వెనక్కి తన్ని ఊరి మీదికి ఎక్కుతుంది. కోటకు కాపలాగా ఎంచుకున్న నదుల కూడలే ఊరికి ఉచ్చయింది. పాత పట్టణంలో ఇళ్లు పైకప్పుల దాకా మునిగాయి; జనం మేడల మీద, ఎత్తైన చోట్ల రాత్రులు గడిపారు; దుకాణాల సరుకు, పత్రాలు, పుస్తకాలు, పెళ్లికి దాచుకున్న చీరలు బురదలో కలిశాయి. దిగువన శ్రీశైలం ఆనకట్టకు వచ్చిన వరద ఆ ప్రాజెక్టు తట్టుకునేలా లెక్కవేసిన హద్దును దాటింది. హంద్రి ఒడ్డు కాలనీలు రెండు వైపులా దెబ్బతిన్నాయి. ఏటి గర్భాన్ని ఆక్రమించి ఇళ్లు కట్టడం, ఇసుక తవ్వి మురుగు వదలడం ఆ నష్టాన్ని పెంచాయి. వరద తరువాత ఎత్తైన నేల కోసం వెదికిన కుటుంబాలకు కల్లూరు వైపు దూరపు కాలనీలు మరింత ఆకర్షణీయమయ్యాయి. అలా పాత ఊరి ప్రమాదమే కొత్త ఊరికి జనాన్ని చేర్చింది.

ఇప్పుడు కర్నూలు పటం తెరిస్తే కోట ఒక మూలకు చేరింది. జనం నివసించే బరువు హంద్రి ఆవలికి జరిగింది. ఓర్వకల్లు దగ్గర 2021లో ప్రారంభమైన విమానాశ్రయం, నంద్యాల దారి వెంట పెరుగుతున్న కాలనీలు ఈ బరువును ఇంకా తూర్పుకే లాగుతున్నాయి. ఇంత జరిగినా తన పేరుతో ఒక శాసనసభ స్థానం గాని, తన సొంత పురపాలిక గాని కల్లూరుకు లేదు. తరువాతి పునర్విభజన జరిగే నాటికైనా కల్లూరు వాసులు ఈ మాటను ఎత్తకపోతే, వారి తరఫున ఎత్తేవారు ఎవరూ ఉండరు.

వచ్చే భాగం కేసీ కాలువ వెంట దక్షిణానికి నడిచి కడప చేరుతుంది. గోల్కొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ తన పేరు మీద నేక్‌నామాబాదుగా నిలపాలనుకున్న ఊరు, తిరుమల యాత్రకు గడపగా పేరుపొందిన దేవుని కడప, మయానా నవాబులకూ హైదర్ అలీకీ మధ్య జరిగిన పోరు, బుగ్గవంక ఒడ్డున పాత కడప, కొత్త కడపల పొరుగుతనం అందులో వస్తాయి.